గెలాక్సీ నడిబొడ్డున పుట్టుక, వలస

గెలాక్సీ అంటే గురుత్వాకర్షణ వలన ఒకచోట కట్టుబడి తిరిగే కోటానుకోట్ల నక్షత్రాలూ, వాటి నడుమ పరచుకొని ఉండే వాయువూ, ధూళీ, ఏ కాంతినీ వెలువరించక తన బరువు చేత మాత్రమే ఉనికిని తెలిపే కృష్ణద్రవ్యమూ కలిసిన మహాసముదాయం. సూర్యుడు సభ్యుడుగా ఉన్న గెలాక్సీకి తెలుగులో పాలపుంత అని పేరు. పాలపుంతలోనూ, దాని ఇరుగుపొరుగున ఉన్న అనేక గెలాక్సీలలోనూ, సరిగ్గా నడిబొడ్డున, గెలాక్సీ మొత్తం విస్తీర్ణం ముందు ఆవగింజంత చోటులో, లక్షలాదిగా, కొన్నిచోట్ల కోట్లాదిగా నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి. ఈ దట్టమైన కూటాలను కేంద్ర నక్షత్ర గుచ్ఛాలు అంటారు. అవి అక్కడ ఎట్లా ఏర్పడ్డాయి, వాటిలోని నక్షత్రాలు అక్కడే పుట్టాయా, లేక వేరేచోట పుట్టి అక్కడికి చేరాయా అన్నది యాభై ఏళ్ళుగా ఖగోళ శాస్త్రంలో నలుగుతున్న ప్రశ్న. ఆ ప్రశ్నకు ఇంతవరకు దొరికిన సమాధానమే ఈ ప్రసంగ విషయం.

ముందుగా ఈ గుచ్ఛాల కొలతలు చూడవలసి ఉంటుంది. ఒక గుచ్ఛం వెలువరించే కాంతిలో సగభాగం ఎంత వ్యాసార్ధంలో ఇముడుతుందో లెక్కగట్టి, దానినే ఆ గుచ్ఛం పరిమాణంగా తీసుకొంటారు. కేంద్ర గుచ్ఛాలలో ఎక్కువభాగానికి ఈ కొలత కొన్ని కాంతి సంవత్సరాల నుండి 30 కాంతి సంవత్సరాల వరకు ఉంటుంది. కాంతి ఒక సంవత్సరంలో ప్రయాణించే దూరమే కాంతి సంవత్సరం. వాటి ద్రవ్యరాశి, అంటే వాటిలోని పదార్థం మొత్తం, కనిష్ఠంగా లక్ష సూర్యుల పాటి, గరిష్ఠంగా పది కోట్ల సూర్యుల పాటి ఉంటుంది. అంతకు మించినవీ అరుదుగా లేకపోలేదు. పాలపుంత కేంద్ర గుచ్ఛం సుమారు రెండున్నర నుండి మూడు కోట్ల సూర్యుల బరువు తూగుతుంది; దాని కాంతిలో సగం సుమారు 15 కాంతి సంవత్సరాల వ్యాసార్ధంలోనే ఇమిడిపోతుంది.

ఈ సాంద్రత ఎటువంటిదో అంకెల కంటే పోలికలో బాగా తెలుస్తుంది. సూర్యునికి అతి చేరువలో ఉన్న నక్షత్రం 4.25 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 3.26 కాంతి సంవత్సరాలు ఉండే ఒక ఊహా పెట్టెను సూర్యుని పరిసరాలలో ఉంచితే, అటువంటి పెట్టెలు పది వెదికినా వాటిలో సగటున ఒక్క నక్షత్రమే దొరుకుతుంది. అదే పెట్టెను కేంద్ర గుచ్ఛం లోపలి భాగంలో ఉంచితే అందులో పది లక్షలు, ఒక్కొక్కచోట అంతకు మించి, నక్షత్రాలు పడతాయి. అక్కడ ఒక నక్షత్రానికీ మరొక నక్షత్రానికీ నడుమ ఉండే సగటు ఎడం, భూమికీ సూర్యునికీ మధ్య దూరానికి సుమారు 2,000 రెట్లు మాత్రమే. నెప్ట్యూన్ గ్రహం సూర్యుని నుండి 30 రెట్ల దూరంలో తిరుగుతున్నదని గుర్తుచేసుకొంటే, ఆ దూరానికి డెబ్బై రెట్లు కూడా పోకముందే పొరుగు నక్షత్రం గడప తగులుతుందన్నమాట. విశ్వంలో తెలిసిన నక్షత్ర సముదాయాలలో వీటి కంటే దట్టమైనవి లేవు.

ఇంత వెలుగు పోగుపడిన చోటు పాలపుంతలో కంటికి కనబడకపోవడానికి కారణం ధూళి. పాలపుంత కేంద్రం భూమి నుండి సుమారు 26,700 కాంతి సంవత్సరాల దూరంలో, ఆకాశంలో మూల, పూర్వాషాఢ నక్షత్రాల నడుమ, ధనూరాశి దిక్కున ఉంది. ఆ దారి పొడవునా పరచుకొన్న ధూళి కంటికి కనిపించే కాంతిని ఎంతగా మింగివేస్తుందంటే, బయలుదేరిన లక్ష కోట్ల కాంతి రేణువులలో ఒక్కటి ఇక్కడికి చేరడమే గొప్ప. అయితే ధూళి రేణువుల కంటే తరంగదైర్ఘ్యం పెద్దదైన కాంతిని ఆ ధూళి అంతగా అడ్డుకోలేదు. ఎరుపుకు ఆవల ఉండి కంటికి కనబడని పరారుణ కాంతిలో, మీటరులో పది లక్షలవ వంతును మైక్రాను అంటారనుకొంటే, 2.2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద పదింట ఒక పాలు కాంతి ధూళిని దాటి బయటపడుతుంది. అమెరికాలో ఎరిక్ బెక్లిన్, గెర్రీ నోయిగెబౌర్ ఈ సందునే వాడుకొని 1966లో పాలపుంత కేంద్రాన్ని పరారుణ కాంతిలో తొలిసారి పసిగట్టారు. ఆ ఫలితాలను 1968లో ప్రకటిస్తూ, ఆ కాంతి పరచుకొన్న తీరు పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ కేంద్రాన్ని పోలి ఉన్నదని చూపారు.

ఆ తరువాత హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ వాతావరణపు అలజడి లేని చోటి నుండి చూడడంతో, దూరపు గెలాక్సీల కేంద్రాలలోని ఈ చిన్న చుక్కలను చుట్టూ ఉన్న వెలుగు నుండి వేరుచేసి కొలవడం వీలైంది. 2002లో వెలువడిన ఒక సర్వేలో 77 సర్పిల గెలాక్సీలను, అంటే చుట్టు తిరిగిన బాహువులు గల గెలాక్సీలను, పరిశీలిస్తే 59 గెలాక్సీల నడుమ ఇటువంటి గుచ్ఛం స్పష్టంగా కనిపించింది. సర్పిలాలే కాక, బాహువులు లేని దీర్ఘవృత్తాకార గెలాక్సీలలోనూ ఇవి విరివిగా ఉన్నట్లు తరువాతి పరిశీలనలు తేల్చాయి. నక్షత్రాల ద్రవ్యరాశి కొన్ని వందల కోట్ల సూర్యులకు సమానంగా ఉండే మధ్యరకం గెలాక్సీలలో పదింటికి ఎనిమిదికి మించి ఈ గుచ్ఛాలను కలిగి ఉంటాయి; అంతకంటే బాగా చిన్నవాటిలోనూ, బాగా పెద్దవాటిలోనూ ఈ నిష్పత్తి పడిపోతుంది. ఇంత తరచుగా, అదీ సరిగ్గా కేంద్రంలోనే కనిపించే వస్తువు కాకతాళీయంగా ఏర్పడదు. గెలాక్సీ నిర్మాణంలోనే పదార్థాన్ని నడుమకు చేర్చే ఏదో మార్గం ఉండి తీరాలి.

ఒక పట్టణం జనాభా పెరిగిందంటే అందుకు రెండే దారులు: అక్కడే పుట్టినవారు కొందరు, బయటి నుండి వచ్చి స్థిరపడినవారు కొందరు. గెలాక్సీ నడిబొడ్డు విషయంలోనూ శాస్త్రజ్ఞుల ముందు నిలిచిన దారులు ఈ రెండే. వేరేచోట ఎప్పుడో ఏర్పడిన నక్షత్ర గుచ్ఛాలు మెల్లగా కేంద్రానికి దిగివచ్చి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయన్నది వలస సిద్ధాంతం. వాయువు కేంద్రానికి ప్రవహించి, అక్కడే చల్లబడి, ముద్దకట్టి, నక్షత్రాలుగా మారిందన్నది స్థానిక జనన సిద్ధాంతం. ఈ రెండింటిలో ఏది నిజమన్న వాదంగా మొదలైన చర్చ, క్రమంగా ఏ గెలాక్సీలో ఏది ఎంత పాలు అన్న లెక్కగా మారింది.

వలస సిద్ధాంతంలో ప్రయాణికులు గోళాకార గుచ్ఛాలు. కొన్ని లక్షల వృద్ధ నక్షత్రాలు బంతి ఆకారంలో గుమిగూడి, ఒక్క ముద్దగా గెలాక్సీ చుట్టూ తిరిగే కూటాలకు ఆ పేరు. పాలపుంత చుట్టూ ఇటువంటివి 150కి పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగం వయస్సు వెయ్యి కోట్ల సంవత్సరాలు దాటింది. ఒక కక్ష్యలో తిరిగే వస్తువు ఏ ఆటంకమూ లేకపోతే ఎంతకాలమైనా ఆ కక్ష్యలోనే ఉండాలి. అది కేంద్రం వైపు దిగాలంటే దాని వేగాన్ని హరించేది ఏదో ఉండాలి. శూన్యంలో గాలి లేదు, నేల రాపిడి లేదు; మరి ఆ హరించే బలం ఏమిటన్న ప్రశ్నకు లాహోరులో పుట్టి, మద్రాసులో చదివి, అమెరికాలో స్థిరపడిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1943లో గణితపరమైన సమాధానం ఇచ్చారు. దానికి గతిక ఘర్షణ అని పేరు.

గతిక ఘర్షణ జరిగే తీరు ఇది. బరువైన గుచ్ఛం చిన్న చిన్న నక్షత్రాల గుంపు నడుమ నుండి సాగిపోయేటప్పుడు, తన ఆకర్షణతో దారికి అటూ ఇటూ ఉన్న నక్షత్రాలను తనవైపు వంచుతుంది. అయితే అవి వంగి వచ్చేసరికి గుచ్ఛం ఆ చోటు దాటి ముందుకు పోయి ఉంటుంది గనుక, అవి దాని వెనుక పోగుపడతాయి. మట్టిబాట మీద పోయే బండి వెనుక దుమ్ము లేచినట్లు గుచ్ఛం వెనుక నక్షత్రాల తోక ఏర్పడుతుంది. తేడా ఏమంటే, బండిని దుమ్ము వెనక్కు లాగదు, గుచ్ఛాన్ని మాత్రం ఆ తోక తన బరువుతో వెనక్కు లాగుతుంది. ఆ లాగుడుకు గుచ్ఛం వేగం కొంచెం కొంచెంగా తగ్గి, దాని కక్ష్య చుట్టుచుట్టుకూ కుంచించుకుపోయి, చివరకు అది కేంద్రంలో వచ్చి కూర్చుంటుంది.

ఈ ప్రయాణానికి పట్టే కాలం రెండు సంగతుల మీద ముఖ్యంగా ఆధారపడుతుంది. గుచ్ఛం బరువు రెట్టింపైతే కాలం సగమవుతుంది. బయలుదేరిన చోటు సగం దూరానికి తగ్గితే కాలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుచేత బరువైనవి, దగ్గరివి ముందు చేరతాయి. తేలికవి, దూరపువి విశ్వం వయస్సంతా గడిచినా చేరవు. నక్షత్రాల వేగం తక్కువగా ఉండే చిన్న గెలాక్సీలలో ఘర్షణ బాగా పనిచేస్తుంది గనుక అక్కడ వలస సులభం. నక్షత్రాలు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే పెద్ద గెలాక్సీలలో అదే బరువు గల గుచ్ఛానికి అంతే దూరం దిగడానికి అనేక రెట్లు ఎక్కువ కాలం పడుతుంది. ఈ లెక్కనే ఆండ్రోమెడా గెలాక్సీకి అన్వయించి, దాని కేంద్రం గోళాకార గుచ్ఛాల కలయిక వలన ఏర్పడి ఉండవచ్చునని స్కాట్ ట్రెమైన్, జెరెమయ్యా ఆస్ట్రైకర్, లైమన్ స్పిట్జర్ 1975లో ప్రతిపాదించారు. వలస సిద్ధాంతానికి అదే పునాది.

కేంద్రానికి చేరే గుచ్ఛం చెక్కుచెదరకుండా చేరదు. దాని దగ్గరి అంచును కేంద్రం బలంగా, దూరపు అంచును బలహీనంగా లాగుతుంది. ఈ లాగుడు తేడాయే భూమి మీద సముద్రపు ఆటుపోట్లకు కూడా మూలం. ఆ తేడా గుచ్ఛం సొంత ఆకర్షణను మించిన చోట దాని వెలుపలి నక్షత్రాలు రాలిపోతూ వస్తాయి, గట్టిగా పట్టుకొని ఉన్న నడిమి భాగం మాత్రమే చివరిదాకా చేరుతుంది. 2012లో ఫాబియో ఆంటొనీని, సహచరులు కంప్యూటరులో చేసిన అనుకరణలో, ఒక్కొక్కటి పది లక్షలకు పైగా సూర్యుల బరువున్న 12 గోళాకార గుచ్ఛాలను ఒకదాని తరువాత ఒకటిగా పాలపుంత కేంద్రం వంటి చోటికి వదిలితే, అవన్నీ కరిగి కలిసిపోయి స్థూలంగా అక్కడ కనిపించే గుచ్ఛం వంటి దానినే ఏర్పరచాయి.

అయితే సిద్ధాంతానికి లొంగని సాక్షులూ ఉంటాయి. పాలపుంత చుట్టూ తిరిగే ఫోర్నాక్స్ అనే మరుగుజ్జు గెలాక్సీకి కనీసం 5 గోళాకార గుచ్ఛాలు ఉన్నాయి. అంత చిన్న గెలాక్సీలో గతిక ఘర్షణ చురుకుగా పనిచేసి అవన్నీ ఏనాడో కేంద్రానికి దిగిపోవలసింది. కాని అవి నేటికీ విడివిడిగా తిరుగుతూనే ఉన్నాయి. ఆ గెలాక్సీ నడుమ కృష్ణద్రవ్యం కుప్పగా కాక సమంగా పరచుకొని ఉంటే ఘర్షణ కొంత దూరం వరకే పనిచేసి ఆగిపోతుందని ఒక వివరణ. కేంద్రానికి దారి ఉన్నంత మాత్రాన అందరూ చేరతారని చెప్పడానికి లేదని ఫోర్నాక్స్ గుర్తుచేస్తుంది.

రెండవ దారి స్థానిక జననం. నక్షత్రాలకు ముడిసరుకు చల్లని వాయువు. గెలాక్సీ పళ్ళెం వంటి చదునైన తలంలో తిరిగే ఈ వాయువు కేంద్రంలోకి పడిపోకుండా దాని తిరుగుడే కాపాడుతుంది. తిరిగే వస్తువు బరువు, వేగం, కేంద్రం నుండి దూరం కలిపి చూపే ఈ గుణాన్ని కోణీయ ద్రవ్యవేగం అంటారు. దానిని వదులుకొంటే తప్ప వాయువు లోపలికి రాలేదు. అనేక గెలాక్సీల నడుమ నక్షత్రాలన్నీ బారుగా అమరి, దూలం వలె ఒక్క ఆకారంగా తిరుగుతుంటాయి. ఆ దూలం తన వంకర ఆకర్షణతో వాయు ప్రవాహాలను ఢీకొట్టించి, వాటి కోణీయ ద్రవ్యవేగాన్ని గుంజుకొని లోపలికి తోస్తుంది. పాలపుంతకూ ఇటువంటి దూలం ఉంది. అది తోసిన వాయువు కేంద్రం చుట్టూ కొన్ని వందల కాంతి సంవత్సరాల మేర మేఘాల వలయంగా పోగుపడి ఉంది; దాని బరువు కొన్ని కోట్ల సూర్యుల పాటి. ఆ వాయువు నుండి ఈనాటికీ నక్షత్ర కూటాలు పుడుతున్నాయి. వాటిలో ఆర్చెస్, క్వింటుప్లెట్ అనే రెండు గుచ్ఛాలు ఆకాశంలో కేంద్రానికి సుమారు 100 కాంతి సంవత్సరాల ఎడంలో కనిపిస్తాయి. వాటి వయస్సు 50 లక్షల సంవత్సరాలకు మించదు.

వలయం నుండి ఇంకా లోపలికి, అసలు నడిబొడ్డుకు పోతే కనిపించే దృశ్యం మరింత వింతైనది. అక్కడ సాజిటేరియస్ ఎ-స్టార్ అనే కృష్ణబిలం ఉంది. కాంతిని సైతం బయటకు పోనీయనంత సాంద్రమైన వస్తువును కృష్ణబిలం అంటారు. ఇది సుమారు 43 లక్షల సూర్యుల బరువు తూగుతుంది. దాని చుట్టూ తిరిగే నక్షత్రాల కక్ష్యలను ఏళ్ళ తరబడి గుర్తించి ఈ బరువును నిర్ధారించినందుకే రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ 2020లో నోబెల్ బహుమతిలో సగభాగాన్ని పంచుకొన్నారు. వారు గుర్తించిన ఎస్-2 అనే నక్షత్రం 16 సంవత్సరాలకు ఒకసారి కృష్ణబిలాన్ని చుట్టివస్తుంది. ఈ కృష్ణబిలానికి ఒకటిన్నర కాంతి సంవత్సరం లోపు దూరంలో వందకు పైగా బరువైన, మిలమిలలాడే యువ నక్షత్రాలు ఉన్నాయి. వాటి వయస్సు సుమారు 40 నుండి 60 లక్షల సంవత్సరాలు. బరువైన నక్షత్రం తన ఇంధనాన్ని గుప్పుమని తగలబెట్టుకొని త్వరగా ఆరిపోతుంది గనుక, అవి దూరాన పుట్టి తీరుబడిగా నడిచివచ్చేంత వ్యవధి వాటికి లేదు. అయితే అక్కడే పుట్టడం కూడా తేలిక కాదు. కృష్ణబిలపు ఆటుపోటు బలం మామూలు వాయు మేఘాన్ని ముద్దకట్టకముందే చీల్చివేస్తుంది.

ఈ చిక్కుముడికి ఆధారం ఆ నక్షత్రాల తిరుగుడు తీరులోనే దొరికింది. వాటిలో గణనీయమైన భాగం ఇష్టం వచ్చినట్లు కాక, ఒకే చదునైన పళ్ళెంలో, ఒకే దిక్కుగా తిరుగుతున్నట్లు 2003 నుండి జరిగిన పరిశీలనలు చూపాయి. అంటే 60 లక్షల సంవత్సరాల కిందట ఒక పెద్ద మేఘమో, రెండు మేఘాలు ఢీకొన్న శకలమో కృష్ణబిలం దాపుకు జారి, దాని చుట్టూ పళ్ళెంగా పరచుకొని ఉండాలి. మేఘంగా ఉన్నప్పుడు పలుచగా ఉన్న వాయువు, పళ్ళెంగా ఒత్తుకొన్నప్పుడు ఆటుపోటు బలాన్ని తట్టుకొనేంత దట్టమై, తన బరువుకు తానే ముక్కలై, ఆ ముక్కలు నక్షత్రాలయ్యాయన్నది నేడు ఎక్కువమంది అంగీకరించే వివరణ. ఆ యువ నక్షత్రాలు గుచ్ఛం మొత్తంలో పిడికెడు మాత్రమే. 2011లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం పాలపుంత కేంద్ర గుచ్ఛపు ద్రవ్యరాశిలో సుమారు 80 శాతం 500 కోట్ల సంవత్సరాలకు ముందే నక్షత్రాలుగా మారింది. ఆ తరువాత ఉండి ఉండి పురుళ్ళు జరుగుతూ వచ్చాయి. పిడికెడే అయినా, కేంద్రంలో నక్షత్రాలు పుట్టగలవన్న సంగతిని అవి కాదనలేని విధంగా నిరూపిస్తున్నాయి.

వృద్ధ నక్షత్రాల మూలాన్ని తేల్చడం ఎట్లా? పట్టణంలో స్థిరపడి ఎన్నేళ్ళయినా మనిషి యాస అతని ఊరును పట్టిచ్చినట్లు, నక్షత్రంలోని రసాయనిక కూర్పు దాని పుట్టుచోటును పట్టిస్తుంది. విశ్వారంభంలో ఏర్పడిన పదార్థం దాదాపు అంతా హైడ్రోజన్, హీలియం వాయువులే. ఇనుము వంటి బరువైన మూలకాలు నక్షత్రాల గర్భంలో తయారై, అవి పేలిపోయినప్పుడు బయటి వాయువులో కలిసి, తరువాతి తరానికి అందుతాయి. హైడ్రోజన్, హీలియం కాని ప్రతి మూలకాన్నీ ఖగోళ శాస్త్రజ్ఞులు లోహం అనే అంటారు. ఒక నక్షత్రంలో వాటి పాలు ఎంతో చెప్పే కొలత లోహత. నక్షత్ర కాంతిని రంగులుగా విడదీసినప్పుడు కనిపించే వర్ణపటంలో ఒక్కొక్క మూలకం తనదైన నల్ల గీతలను వదులుతుంది గనుక ఈ కొలత సాధ్యమవుతుంది. తరతరాలుగా నక్షత్రాలు పుట్టి చచ్చిన చోటి వాయువులో లోహత హెచ్చు. గెలాక్సీ తొలినాళ్ళలో ఒక్క విడతలో ఏర్పడిన గోళాకార గుచ్ఛాలలో సాధారణంగా తక్కువ.

ఈ యాసను పట్టుకొని పరిశీలిస్తే చిత్రం స్పష్టమైంది. నక్షత్రాల ద్రవ్యరాశి వంద కోట్ల సూర్యులకు తక్కువగా ఉండే చిన్న గెలాక్సీలలో కేంద్ర గుచ్ఛపు లోహత చాలాసార్లు చుట్టూ ఉన్న గెలాక్సీ కంటే తక్కువగా ఉంటుంది. అక్కడి వాయువు నుండి అక్కడే పుట్టిన నక్షత్రాలైతే ఇది కుదరదు. వృద్ధ గోళాకార గుచ్ఛాలు దిగివచ్చి ఉంటేనే కుదురుతుంది. అంతకంటే పెద్ద గెలాక్సీలలో వ్యవహారం తలకిందులై, కేంద్ర గుచ్ఛం చుట్టుపక్కల కంటే లోహాలలో సంపన్నంగా, కొన్ని తరాల నక్షత్రాల మిశ్రమంగా కనిపిస్తుంది. అది స్థానిక జననానికి గుర్తు. నదీన్ నోయ్‌మయర్, అనిల్ సేత్, టోర్‌స్టెన్ బోకర్ 2020లో రాసిన సమగ్ర సమీక్ష ఈ నిర్ణయానికే వచ్చింది. 2021లో చిలీలోని పెద్ద టెలిస్కోప్ సహాయంతో 25 గెలాక్సీల కేంద్రాలను విడదీసి చూసిన మరొక పరిశీలన దానిని బలపరచింది. పాలపుంత కేంద్రంలోని నక్షత్రాలలో ఎక్కువభాగం సూర్యుని మించిన లోహత గలవి. సుమారు 7 శాతం మాత్రం లోహాలు కొరవడినవి, పైగా వాటి కదలిక తీరు కూడా మిగతావాటికి భిన్నం. ఎప్పుడో వచ్చి కలిసిన ఒక గుచ్ఛపు శేషం అదేనని భావిస్తున్నారు.

యాసతో పాటు నడక కూడా సాక్ష్యమే. సుమారు 1.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, అంచు భూమి వైపు తిరిగి ఉన్న ఎన్‌జీసీ 4244 అనే సర్పిల గెలాక్సీ కేంద్ర గుచ్ఛం, సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో, గెలాక్సీ పళ్ళెం తిరిగే దిక్కునే తిరుగుతున్నదని 2008లో తేలింది. దానిలో యువ నక్షత్రాలు పలుచని పళ్ళెంగానూ, వృద్ధ నక్షత్రాలు గుండ్రని ముద్దగానూ వేరువేరుగా అమరి ఉన్నాయి. నలుదిక్కుల నుండి వచ్చి కలిసిన గుచ్ఛాలే దానిని కట్టి ఉంటే ఇంతటి క్రమమైన తిరుగుడు ఉండడం కష్టం. పళ్ళెం నుండి వాయువు పదేపదే జారి, పాత ముద్ద నడుమ కొత్త పొరలు వేసిందన్న వివరణకే అది ఎక్కువ మొగ్గు చూపుతుంది.

కేంద్ర గుచ్ఛానికీ కృష్ణబిలానికీ ఉన్న సంబంధం ఒకే తీరుగా ఉండదు. పాలపుంతలో రెండూ కలిసి ఉన్నాయి. పొరుగున ఉన్న ఎం-33 అనే సర్పిల గెలాక్సీలో గుచ్ఛం ఉంది గాని, నడుమ కృష్ణబిలం ఏదైనా ఉన్నా దాని బరువు 1,500 సూర్యులకు మించదని 2001లోనే తేలింది. ఎం-87 వంటి మహా గెలాక్సీలో 650 కోట్ల సూర్యుల బరువైన కృష్ణబిలం ఉంది. కేంద్ర గుచ్ఛం మాత్రం లేదు. మహా గెలాక్సీలు చిన్నవి కలిసి ఏర్పడినవి. అట్లా కలిసినప్పుడు రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, దాపుకు వచ్చిన నక్షత్రాలను వడిసెల రాళ్ళ వలె విసిరివేసి, కేంద్రాన్ని ఖాళీ చేస్తాయి. కట్టినదాన్ని కూల్చే వలస కూడా ఉంటుందన్నమాట.

కేంద్ర గుచ్ఛం పోయి గెలాక్సీ మిగలడం ఒక ఎత్తైతే, గెలాక్సీ పోయి కేంద్ర గుచ్ఛం మిగలడం మరొక ఎత్తు. పాలపుంత ధనూరాశి దిక్కున ఒక మరుగుజ్జు గెలాక్సీని మింగుతున్నదని 1994లో బయటపడింది. దాని వెలుపలి నక్షత్రాలన్నీ పొడవాటి పాయలుగా లాగబడిపోతున్నా, నడుమ ఉన్న ఎం-54 అనే గుచ్ఛం మాత్రం గట్టిగా నిలిచి ఉంది. దానిలో లోహాలు కొరవడిన వృద్ధ నక్షత్రాలతో పాటు, లోహాలు హెచ్చుగా ఉండి తిరుగుడు గల చిన్నవయస్సు నక్షత్రాలు కేంద్రానికి మరింత దగ్గరగా గుమిగూడి ఉన్నాయి. వలసా, స్థానిక జననమూ ఒకే గూటిలో పక్కపక్కన కనిపించే చోటు అది.

అంతకంటే ముదిరిన దశకు ఉదాహరణ ఒమేగా సెంటారి. ప్రాచీన ఖగోళ శాస్త్రజ్ఞుడు టోలమీ దానిని నక్షత్రంగానే పట్టికకెక్కించాడు. 1603లో దానికి నక్షత్రపు పేరే పెట్టారు. 1677లో సెయింట్ హెలీనా ద్వీపం నుండి చూసిన ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హాలీ అది ఒంటరి నక్షత్రం కాదని గమనించాడు. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో, కోటి నక్షత్రాల పాటి కూటంగా ఉన్న ఈ గుచ్ఛంలో, మామూలు గోళాకార గుచ్ఛాలకు భిన్నంగా, వేరువేరు లోహతలు గల అనేక తరాలు ఉన్నాయి. అందుచేత పాలపుంత ఎన్నడో మింగివేసిన ఒక గెలాక్సీ నడిబొడ్డు అదేనని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా భావిస్తూ వచ్చారు. హబుల్ తీసిన ఇరవై ఏళ్ళ చిత్రాలను జోడించి చూసినప్పుడు, దాని కేంద్రం దగ్గర 7 నక్షత్రాలు గుచ్ఛం నుండి తప్పించుకొని పోవలసినంత వేగంతో కదులుతూ కూడా పోకుండా ఉన్నట్లు 2024లో బయటపడింది. వాటిని పట్టి ఉంచాలంటే అక్కడ కనీసం 8,200 సూర్యుల బరువైన కృష్ణబిలం ఉండాలి.

కాబట్టి పుట్టుకా, వలసా అన్న ప్రశ్నకు గెలాక్సీ బరువే సమాధానాన్ని మారుస్తున్నది. చిన్న గెలాక్సీ తన గుచ్ఛాలను నడుమకు దింపుకొని కేంద్రాన్ని కట్టుకొంటుంది. పెరిగేకొద్దీ వాయువును నడుమకు తోడుకొని అక్కడే కొత్త నక్షత్రాలను కంటుంది. మరీ పెద్దదైతే తన కృష్ణబిలాల చేతనే ఆ కట్టడాన్ని చెదరగొట్టుకొంటుంది. ఈ చరిత్రలోని రెండు ఘట్టాలను తెలుగు నేల మీది నుండి ఒక్క రాత్రిలో చూడవచ్చు. మే నెల నడుమ, రాత్రి 10 గంటల వేళ, విజయవాడ వంటి చోట దీపాల వెలుగుకు దూరంగా నిలబడి సరిగ్గా దక్షిణానికి చూస్తే, దిగంతానికి సుమారు 26 డిగ్రీల ఎత్తున మసక చుక్క వలె ఒమేగా సెంటారి కనిపిస్తుంది. తెల్లవారుజామున రెండు గంటలు దాటిన తరువాత అదే దక్షిణ దిక్కున, మరికొంత ఎత్తులో, మూలకూ పూర్వాషాఢకూ నడుమ పాలపుంత తెల్లని పాయ అన్నిటికంటే దట్టంగా ఉబ్బి కనిపిస్తుంది. మొదటిది గెలాక్సీని పోగొట్టుకొన్న నడిబొడ్డు. రెండవది నడిబొడ్డును ధూళి తెర వెనుక దాచుకొన్న గెలాక్సీ.